ఐర్లాండ్ పల్లెల్లో పాత పోస్ట్‌బాక్స్ కనిపిస్తే దాని వయసు ఎలా కనుక్కోవాలి, రికార్డులోకి ఎలా ఎక్కించాలి

ఐర్లాండ్‌లో కారేసుకుని ఏ క్లేర్ వైపో మేయో వైపో పోతుంటే, నాలుగు రోడ్లు కలిసే చోట రాతిగోడలో ఇరుక్కుని ఆకుపచ్చ ఇనుప డబ్బా ఒకటి కనిపిస్తుంది, మనవాళ్ళెవరూ దానికోసం కారు ఆపరు, క్లిఫ్స్ ఆఫ్ మోహర్ కొండచరియలు చూడ్డానికి టైమైపోతోందని హడావిడి. ఈసారి ఆపి ఆ డబ్బా ముందువైపు వేలితో తడిమి చూడండి. రంగు కింద కిరీటం బొమ్మ తగలొచ్చు, దాని కింద విక్టోరియా రాణి పొడి అక్షరాలు తగలొచ్చు, అలా తగిలితే ఆ డబ్బా 1901 కన్నా ముందుది అన్నమాట, అది ఇంకా డ్యూటీలోనే ఉండొచ్చు కూడా.

వీటితో గొడవ ఏంటంటే, గోడ కూలినా రోడ్డు వెడల్పు చేసినా లారీ వెనక్కొచ్చి గుద్దినా డబ్బా పోతుంది, అది ఉన్నట్టు ఎక్కడా రాసి లేకపోతే పోయిందని అడిగేవాడు కూడా ఉండడు. కాబట్టి మనం చేయగలిగిన పెద్ద పని రాసిపెట్టడమే, బాగుచేయడం కాదు. దీనికి హిస్టరీ డిగ్రీలేం అక్కర్లేదు, ఫోన్, కొలిచే టేపు, టార్చ్, కాస్త ఓపిక చాలు. డబ్లిన్‌లో చదువుకునే పిల్లలు, కార్క్‌లోనో గాల్వేలోనో ఉద్యోగాలు చేసేవాళ్ళు ఎవరైనా చేయొచ్చు.

ముందు ఎప్పుడు వెళ్ళాలో చూసుకోండి

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి సీజన్. చలికి వణుకుతాం నిజమే, కానీ ఆకులు రాలి కంచెల్లో దాక్కున్న డబ్బాలు బయటపడేది అప్పుడే. ఎండాకాలం వెళ్తే ఐవీ తీగ, ముళ్ళ పొదలు కప్పేసి ఉంటాయి, వాటిని కోసేద్దాం అనుకుంటారేమో, వద్దు. 1976 వైల్డ్‌లైఫ్ చట్టం ప్రకారం మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా కంచె పొదలు కోయకూడదు, పక్షులు గూళ్ళు పెట్టే టైమ్ అది. చట్టంలో కొన్ని మినహాయింపులున్నాయి కానీ మీ పోస్ట్‌బాక్స్ ఫోటో సరదా వాటిలో లేదు. కొమ్మని చేత్తో పక్కకి పట్టుకుని ఫోటో తీసుకోండి, చాలు.

చలికాలానికి ఇంకో లాభం ఉంది. డిసెంబర్‌లో డబ్లిన్ దగ్గర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 13 డిగ్రీల ఎత్తు దగ్గరే ఉంటాడు, వెలుతురు ఏటవాలుగా పడుతుంది, దాని ఉపయోగం అక్షరాలు చదివే దగ్గర చెప్తా.

జాగ్రత్త కూడా ఒకటుంది. ఈ డబ్బాలుండే దారులు చాలావరకు మన డొంక దారుల్లాంటివే, అక్కడ బోరీన్ అంటారు, ఎదురుగా ట్రాక్టర్ వస్తే రెండిట్లో ఒకటి వెనక్కి పోవాల్సిందే. 2025 ఫిబ్రవరి నుంచి పల్లె లోకల్ రోడ్ల మామూలు స్పీడ్ లిమిట్ గంటకి 80 కిలోమీటర్ల నుంచి 60కి తగ్గించారు, అయినా మలుపులో మీరు కింద కూర్చుని డబ్బా అడుగున ఏముందో చదువుతుంటే 60 కూడా ఎక్కువే. పసుపు రంగు హై-విజ్ జాకెట్ వేసుకోండి, ఒకళ్ళు రోడ్డు చూస్తుంటే ఇంకొకళ్ళు పని చేయండి, కారు పొలం గేటుకి అడ్డంగా పెట్టకండి, అది పెట్టారంటే ఊళ్ళో మీ పని అయిపోయినట్టే.

ఎక్కడ ఉన్నాయో మ్యాపులో వెతకడం

ఊరికే తిరిగినా దొరుకుతాయి కానీ ఇంట్లో కూర్చుని ముందు పాత మ్యాపులు చూస్తే పెట్రోల్ మిగులుతుంది. ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ళ పాత మ్యాపులు ఆన్‌లైన్‌లో ఫ్రీగా చూడొచ్చు, ఆ సంస్థ 2023 నుంచి టాల్చె ఏరన్ అనే కొత్త సంస్థలో కలిసిపోయింది. రెండు రకాల మ్యాపులుంటాయి, 1840ల ముందువెనకల మైలుకి ఆరంగుళాల లెక్కన గీసినవి, 1888 తర్వాత మైలుకి ఇరవై అయిదు అంగుళాల లెక్కన గీసినవి. మొదటిదాంట్లో వెతికి టైమ్ వేస్ట్ చేసుకోకండి, ఐర్లాండ్‌లో రోడ్డు పక్క పోస్ట్‌బాక్స్‌లు మొదలయ్యిందే 1855లో, డబ్లిన్, బెల్‌ఫాస్ట్, బాలిమెనా ఊళ్ళలో. రెండో మ్యాపులో కూడళ్ళ దగ్గర, చర్చి పక్కన, పెద్ద ఎస్టేట్ గేటు దగ్గర ఎల్, బి అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలు చిన్నగా రాసి ఉంటాయి, లెటర్ బాక్స్ అని దానర్థం. అలా ఉన్న చోట్లన్నీ ఇప్పటి మ్యాపులో పిన్ పెట్టుకుని బయల్దేరండి. కొన్నిచోట్ల డబ్బా ఉండదు, గోడలో చతురస్రంగా పూడ్చేసిన గుర్తు మాత్రం ఉంటుంది, దాన్నీ ఫోటో తీసుకోండి, అది కూడా సమాచారమే.

ఈ రోడ్డు పక్క డబ్బా ఐడియా వెనకున్న మనిషి ఐర్లాండ్‌లో పనిచేసినవాడే, నవలలు రాసిన ఆంథొనీ ట్రోలప్. 1841లో పోస్టాఫీసు ఉద్యోగిగా ఇప్పటి ఆఫలీ కౌంటీలోని బానహర్ అనే చిన్న ఊరికి వచ్చాడు, తర్వాత ఇంగ్లాండ్, ఫ్రాన్స్ మధ్య సముద్రంలో ఉన్న ఛానెల్ ఐలాండ్స్‌ దీవులకి పని మీద పంపితే అక్కడ వీటిని పెట్టమని సలహా ఇచ్చాడు, 1852లో జెర్సీ దీవిలో పెట్టారు.

ఏ రకమో గుర్తుపట్టడం

మూడే రకాలనుకోండి. నేల మీద స్తంభంలా నిలబడింది పిల్లర్ బాక్స్, ఎక్కువగా టౌన్లలో ఉంటుంది. గోడలో దిగేసింది వాల్ బాక్స్, 1857లో మొదలయ్యింది, పిల్లర్ కన్నా చవక కాబట్టి పల్లెలకి ఇవే ఎక్కువ పెట్టారు, మీకు ఎక్కువగా తగిలేది ఇదే. చిన్నగా సన్నగా ఉండి కరెంటు స్తంభానికో గుంజకో తగిలించింది, లేదా చిన్న రాతి దిమ్మెలో బిగించింది, లాంప్ బాక్స్, ఇవి 1896 నుంచి. పేరుకి లండన్‌లో దీపస్తంభాలకి తగిలించడానికి చేసినవి, దీపాలే లేని ఐరిష్ పల్లెల్లో ఇళ్ళకి దూరంగా ఉన్న దారుల్లో బాగా పనికొచ్చాయి.

పిల్లర్ ఆరు పలకలుగా ఉండి నెత్తి మీద ఆకులు, మొగ్గ డిజైన్ ఉంటే మాత్రం ఒక్క నిమిషం ఆగండి, అది పెన్‌ఫోల్డ్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్ చేసిన రకం, 1866 నుంచి 1879 దాకా చేసినవి, దొరికితే అదృష్టం. అయితే బ్రిటన్‌లో వీటికి ఈమధ్య కాలంలో నకళ్ళు కూడా పోతపోశారు, కాబట్టి ఆకారం చూసి వెంటనే డేట్ రాసేయొద్దు.

అక్షరాలు చదవడం, అసలు పనంతా ఇక్కడే

డబ్బా ఎవరి కాలానిదో చెప్పేది దాని మీది పొడి అక్షరాలు. వి, ఆర్ ఉంటే విక్టోరియా, 1901 దాకా. ఇ, ఆర్ రెండూ తీగల్లా పెనవేసుకుని మధ్యలో రోమన్ అంకెల్లో ఏడు ఉంటే ఏడో ఎడ్వర్డ్, 1901 నుంచి 1910. జి, ఆర్ అని సాదాగా ఉండి అంకె ఏమీ లేకపోతే అయిదో జార్జ్, 1910 నుంచి. జార్జ్ 1936 దాకా రాజుగా ఉన్నాడు కానీ దక్షిణ ఐర్లాండ్ లెక్కలో 1922తో ఆపేయాలి, ఎందుకంటే అప్పటిదాకా బ్రిటిష్ పాలనలో ఉన్న పోస్టాఫీసు ఆ ఏడాది ఐరిష్ ప్రభుత్వం చేతికి వచ్చింది.

పోస్టాఫీసు చేతికి రాగానే ఆ ప్రభుత్వం చేసిన పనుల్లో ఒకటి ఎర్ర డబ్బాలన్నిటికీ ఆకుపచ్చ రంగు వేయించడం. డబ్బాలు మార్చడానికి డబ్బుల్లేవు, రంగు చవక. అప్పటి పోస్ట్‌మాస్టర్ జనరల్ జేజే వాల్ష్, ఒకప్పుడు పోస్టాఫీసు ఉద్యోగే, బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన తిరుగుబాటులో డబ్లిన్ పెద్ద పోస్టాఫీసు జీపీఓ లోపల ఉండి పోరాడినవాడు, ఆరేళ్ళు తిరిగేసరికి అదే డిపార్ట్‌మెంట్‌కి పెద్ద అయ్యాడు. అందుకే ఇవాళ్టికీ ఆకుపచ్చ డబ్బా మీద బ్రిటిష్ కిరీటం కనిపించేది. నన్నడిగితే ఈ డబ్బాల అందమంతా ఇక్కడే ఉంది, కిరీటాన్ని పగలగొట్టలేదు, దాని మీద తమ రంగు పూసి ఉత్తరాలు పంచుకున్నారు.

1922 తర్వాత పోతపోసినవాటిలో ఎస్, ఇ అక్షరాలు పాత గేలిక్ లిపిలో పెనవేసుకుని ఉంటే అది సేర్‌స్టాట్ ఏరన్, అంటే ఐరిష్ ఫ్రీ స్టేట్ కాలంది, 1937లో కొత్త రాజ్యాంగం వచ్చేదాకా. ఆ తర్వాత పి, టి అక్షరాలు, వాటి మధ్య 7 అంకెలా ఉండే గుర్తు. అది అంకె కాదండోయ్, ఐరిష్‌లో 'మరియు'కి వాడే పాత గుర్తు, దాన్ని చూసి ఏడో నంబర్ డబ్బా అని రాసుకోకండి. ఇవి పోస్ట్స్ అండ్ టెలిగ్రాఫ్స్ డిపార్ట్‌మెంట్ కాలానివి. 1984 జనవరి 1న ఐర్లాండ్ తపాలా నడిపే అన్ పోస్ట్ కంపెనీ వచ్చాక దాని లోగో వచ్చింది.

ఇప్పుడు తికమక పెట్టేవి. ఒకటి, అక్షరాలే లేని పిల్లర్. 1879లో గుండ్రటి పిల్లర్ మొదలుపెట్టినప్పుడు రాణి పొడి అక్షరాలు, పోస్ట్ ఆఫీస్ అనే మాట రెండూ వేయడం మర్చిపోయారు, 1887 దాకా అలాగే పోతపోశారు, వీటిని అనానిమస్ బాక్స్‌లు అంటారు. వీటిలోనూ మొదట్లో చేసినవాటికి ఉత్తరం వేసే సందు బాగా పైకి ఉంటుంది, ఉత్తరాలు పైకప్పు దగ్గర ఇరుక్కుంటున్నాయని తర్వాత సందు కిందికి దించారు, కాబట్టి సందు ఎక్కడుందో కొలిచి రాసుకోండి. కానీ అక్షరాలు కనపడలేదు కదా అని అనానిమస్ అనేయకండి, గ్రైండ్ చేసి తీసేసి ఉండొచ్చు, అలా అయితే ఆ చోట గీతలో పల్లమో తేడాగా ఉంటుంది. రెండు, తలుపు ఒక కాలానిది ఒళ్ళు ఒక కాలానిది అవ్వొచ్చు. తలుపు విరిగితే కొత్తది బిగిస్తారు, కాబట్టి తలుపు మీద ఫ్రీ స్టేట్ గుర్తు ఉన్నంత మాత్రాన డబ్బా మొత్తం అప్పటిదని కాదు, అడుగున ఫౌండ్రీ, అంటే డబ్బా పోతపోసిన కార్ఖానా, పేరు కూడా చూసి రెండూ కలుస్తున్నాయో లేదో చూడండి. మూడు, ఆరో జార్జ్ గుర్తో రెండో ఎలిజబెత్ గుర్తో ఉన్న ఎర్ర డబ్బా కనిపించిందంటే అది కొత్తగా కనిపెట్టిన వింత కాదు, మీరు తెలీకుండా బోర్డర్ దాటి బ్రిటన్ కింద ఉన్న నార్తర్న్ ఐర్లాండ్‌లోకి వచ్చేశారు, డనిగాల్ వైపు తిరిగేవాళ్ళకి ఇది మామూలే, అక్కడ తపాలా నడిపేది రాయల్ మెయిల్, అక్కడ రూల్స్ వేరు, ఈ గైడ్ అక్కడ పనిచేయదు.

ఫౌండ్రీ పేరు పిల్లర్‌కి అయితే కింద నేలకి దగ్గరలో ఉంటుంది, గడ్డి పక్కకి తప్పించాలి, వాల్ బాక్స్‌కి ముందువైపు కింది అంచున వెతకండి. డర్బీ ఊరి హాండీసైడ్, లండన్‌లోని డబ్ల్యు టి ఆలెన్ లాంటి పేర్లుంటే బ్రిటన్ నుంచి వచ్చినవి. డబ్లిన్‌లోని టాంజ్ అండ్ టాగర్ట్, హామండ్ లేన్, ఎనిస్కార్తీలోని జెసప్ డేవిస్ అని ఉంటే ఐర్లాండ్‌లోనే పోతపోసినవి. పేరు స్పెల్లింగ్‌తో సహా ఉన్నదున్నట్టు రాసుకోండి, సగమే కనిపిస్తే సగమే రాయండి, ఊహించి పూర్తి చేయొద్దు.

చదవలేకపోతే ఏం చేయాలి? మన ఊళ్ళో గుడి విగ్రహాలకి ఏటా ఆయిల్ పెయింట్ కొట్టీ కొట్టీ ముక్కూ మూతీ పూడిపోయినట్టు, వీటికి కూడా వందేళ్ళ రంగు పొరలు పేరుకుని అక్షరాలు మొద్దుబారిపోయి ఉంటాయి. ఎదురుగా ఫ్లాష్ కొడితే ఏమీ కనపడదు. ఫ్లాష్ ఆపేసి, టార్చ్‌ని డబ్బా పక్కన తలుపుకి ఆనించినంత దగ్గరగా అడ్డంగా పట్టుకోండి, ఉబ్బుల నీడలు పడి అక్షరాలు లేచొస్తాయి. ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, పైనుంచి ఒకటి ఫోటో తీయండి. ఇందాక చెప్పిన చలికాలం ఎండ సరైన పక్కనుంచి పడుతుంటే టార్చ్ కూడా అక్కర్లేదు. రంగు గీకి చూద్దాం అనే ఆలోచన మాత్రం రానివ్వకండి, పాత పొరల్లో సీసం ఉండొచ్చు, ఆ పొడి పీల్చడం మంచిది కాదు, పైగా డబ్బా అన్ పోస్ట్ వాళ్ళ ఆస్తి. కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది అచ్చు తీసే అలవాటు కొందరికుంది, రంగు పెచ్చులు లేచి ఉంటే అది కూడా వద్దు.

ఫోటోలు, కొలతలు, చోటు

ఫోటోలు ఇవి సరిపోతాయి: దూరం నుంచి చుట్టుపక్కలతో కలిపి, ఎదురుగా నిటారుగా, రెండు పక్కలా, అక్షరాలు దగ్గరగా, అడుగున ఫౌండ్రీ పేరు, పగుళ్ళు తుప్పు ఎక్కడుంటే అక్కడ. దూరం నుంచి తీసేది చాలామంది మర్చిపోతారు, నిజానికి రేపు గోడ పడగొట్టాక డబ్బా ఎక్కడుండేదో చెప్పేది ఆ ఫోటోనే. ఒక ఫోటోలో టేపు పెట్టి తీయండి. ముందువైపు ఎత్తు, వెడల్పు, సందు వెడల్పు, నేల నుంచి సందు ఎంత ఎత్తులో ఉందో రాసుకోండి, పిల్లర్ అయితే చుట్టుకొలత కూడా.

పగులు కనిపిస్తే ప్రత్యేకంగా నోట్ చేయండి. ఇది పోత ఇనుము, దెబ్బ తగిలితే రేకులా వంగదు, పగులుతుంది, మామూలు వెల్డింగ్ షాపువాడు అతికిస్తే పక్కనే ఇంకో పగులు వస్తుంది. కాబట్టి ఊళ్ళో ఎవరైనా సాయం చేస్తామంటే దండం పెట్టి వద్దనండి.

చోటు రాసేటప్పుడు జీపీఎస్ నంబర్లతో పాటు టౌన్‌ల్యాండ్, అంటే పల్లె భూమిని చిన్న చిన్న భాగాలుగా విడదీసి పెట్టుకున్న పేరు, తప్పకుండా రాయాలి. ఐర్లాండ్‌లో పల్లె అడ్రస్‌కి ఆధారం అదే, మొత్తం 60 వేలకు పైగా ఉన్నాయి, పాత రికార్డులన్నీ ఆ పేర్ల మీదే నడుస్తాయి. మన పిన్‌కోడ్ లాంటి ఎయిర్‌కోడ్ 2015లో వచ్చింది, అది ఇళ్ళకీ ఆఫీసులకీ ఇచ్చేది, గోడలో డబ్బాకి ఉండదు.

ఊళ్ళోవాళ్ళతో మాట్లాడటం

సిగ్గుపడకండి, ఐరిష్ పల్లెల్లో ముసలివాళ్ళు మాటలకి మన వాళ్ళకేం తీసిపోరు, ఎక్కడినుంచొచ్చావు, మీ ఊళ్ళో వాన పడుతుందా దగ్గర మొదలవుతుంది. ఎవరైనా కనిపిస్తే ముందు వాతావరణం గురించి ఒక మాట అనేసి ఆ తర్వాత డబ్బా సంగతి అడగండి. డబ్బా ముందునుంచీ ఇక్కడే ఉందా వేరే చోటినుంచి తెచ్చారా, ఇక్కడ పోస్టాఫీసు ఉండేదా, ఎప్పుడు మూసేశారు, ఇప్పటికీ ఉత్తరాలు తీస్తున్నారా. పోస్ట్‌మన్ దొరికితే ఇంకా మంచిది. చెప్పింది రాసుకోండి, మనిషి పేరు మాత్రం వాళ్ళు ఒప్పుకుంటేనే.

వాల్ బాక్స్ అయితే గోడ ఎవరిదో కనుక్కుని వాళ్ళకి మీరు చేస్తున్న పని చెప్పి తీరాలి. ఎందుకో కింద చెప్తున్నా.

ఎక్కడికి పంపాలి

ముందు నేషనల్ ఇన్వెంటరీ ఆఫ్ ఆర్కిటెక్చరల్ హెరిటేజ్ అనే ప్రభుత్వ జాబితా వెబ్‌సైట్‌లో మీ కౌంటీలో పోస్ట్‌బాక్స్‌లు వెతకండి. ప్రతి ఎంట్రీకి ఒక నంబరు, ఫోటో, వివరం, ఒక రేటింగ్ ఉంటాయి, ఇంటర్నేషనల్, నేషనల్, రీజనల్, లోకల్ ఇలా. రీజనల్ నుంచి పైవాటిని రక్షిత జాబితాలో చేర్చమని మంత్రి తరఫున కౌన్సిళ్ళకి సిఫార్సు వెళ్తుంది. మీ డబ్బా అందులో లేకపోతే విలువ లేనిదని అనుకోకండి, వాళ్ళు అన్నీ రాయలేదు, ఎంపిక చేసుకుని రాశారు.

జాబితాలో ఉండటం వేరు, చట్టం కాపాడటం వేరు, ఇది చాలామంది కలిపేసుకుంటారు. కాపాడేది రికార్డ్ ఆఫ్ ప్రొటెక్టెడ్ స్ట్రక్చర్స్, దేశంలో ఉన్న 31 లోకల్ అథారిటీల్లో, అంటే కౌన్సిళ్ళలో, ప్రతి ఒక్కటీ తన పరిధిలోది తను నడుపుతుంది, 2000 నాటి ప్లానింగ్ అండ్ డెవలప్‌మెంట్ చట్టంలో రాసిన పద్ధతి ఇది. చేర్చమని మీరు అడగొచ్చు, నిర్ణయం మాత్రం కౌన్సిలర్లది. ఆ చట్టంలో ఉన్న పద్ధతి ఇలా ఉంటుంది: కౌన్సిల్‌కి సరే అనిపిస్తే యజమానికి, అక్కడ ఉంటున్నవాళ్ళకి నోటీసు ఇచ్చి, కనీసం 6 వారాలు ప్రజలు చూసేలా పెట్టి, అభిప్రాయాలు తీసుకుని, ఆ గడువు అయ్యాక 12 వారాల్లోపు తేలుస్తారు. చూశారా, నోటీసు అందుకునేవాళ్ళలో గోడ ఓనర్ కూడా ఉండొచ్చు, మీరు ముందే చెప్పకపోతే ఆయనకి ఉన్నట్టుండి కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చి, ఎవడో మన గోడ మీద ఫిర్యాదు పెట్టాడనుకుని అడ్డం తిరుగుతాడు.

కౌన్సిల్‌లో హెరిటేజ్ ఆఫీసర్‌కి లేదా ఆర్కిటెక్చరల్ కన్జర్వేషన్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టండి. ఒక్క పేజీ చాలు, ప్రేమలేఖలా రాయకండి. డబ్బా ఏ రకం, ఎవరి కాలం, ఫౌండ్రీ, చోటు, ఎలా ఉంది, ఏ ప్రమాదం ఉంది, ఫోటోలు. చట్టంలో విలువలు ఎనిమిది రకాలుగా చెప్పారు, వాటిలో పోస్ట్‌బాక్స్‌కి అతికేవి చారిత్రక, కళాత్మక, సాంకేతిక, సామాజిక, వీటి పేర్లు పెట్టి ఒక్కో వాక్యం రాస్తే ఆఫీసర్ పని సగం మీరే చేసిపెట్టినట్టు. 'చాలా అందంగా ఉంది' అన్న మాట ఎవరికీ ఉపయోగపడదు. ఇదే కాపీ ఇన్వెంటరీ వాళ్ళకీ పంపండి. తర్వాత జనమే కలిసి తయారుచేసే ఆన్‌లైన్ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కూడా పెట్టేయండి, డబ్బా రకం, దాని మీది గుర్తు రాసే ట్యాగులు అక్కడ ఉన్నాయి. 1976లో మొదలైన లెటర్ బాక్స్ స్టడీ గ్రూప్ అని బ్రిటన్‌లో ఒకటుంది, పోస్ట్‌బాక్స్ రకాలకి నంబర్లిచ్చి వర్గీకరించింది వాళ్ళే, రకం తేలకపోతే వాళ్ళని అడగండి.

కొన్నాళ్ళు జవాబు రాకపోవచ్చు, కౌన్సిల్ అంటే ఎక్కడైనా కౌన్సిలే. నెలకోసారి మర్యాదగా గుర్తు చేయండి, మీ ఏరియా కౌన్సిలర్‌కి కాపీ పెట్టండి. లోకల్ ఎన్నికల్లో ఓటుకి ఐరిష్ పౌరసత్వం అక్కర్లేదు, అక్కడ నివాసం ఉంటూ పేరు నమోదు చేసుకుంటే చాలు, కాబట్టి మీరు కూడా ఆయన ఓటరే.

ఈలోపు తలుపు ఊడిపోయి ఉన్నా, వాహనం గుద్ది పగిలినా నేరుగా అన్ పోస్ట్ కస్టమర్ సర్వీస్‌కి చెప్పండి, విరిగిన ముక్కలు కింద పడి ఉంటే ఫోటో తీసి దగ్గర్లోని పోస్టాఫీసులో అప్పజెప్పండి, అక్షరాలున్న ముక్కని సావనీర్‌గా ఇంటికి తెచ్చుకోకండి. డబ్బానే మాయమైతే గార్డా స్టేషన్‌లో, అంటే అక్కడి పోలీసులకి, చెప్పి మీ ఫోటోలు, కొలతలు ఇవ్వండి, పాత సామాన్లు అమ్మే చోట ఎక్కడైనా తేలితే అది ఇదే అని పోల్చి చెప్పడానికి ఆ కొలతలే ఆధారం.